రిజిస్టర్‌లో అతికించిన ముల్లు

ఇది మహాకావ్యం. ముందే చెబుతున్నాను, సర్దుకుని కూర్చోండి. ఇందులో వనం ఉంది, వీరుడున్నాడు, ఆయుధం ఉంది, గాయం ఉంది, నెలల తరబడి పోరాటం ఉంది, నమ్మకద్రోహం ఉంది. తొమ్మిదేళ్లుగా నేను మోస్తున్న బరువు కూడా ఉంది.

ఇక అసలు సంగతి. వనమంటే పటాన్‌చెరు అవతలి ఈతవనం. వీరుడు ఆ వనంలో కల్లు గీసే యాదగిరి. ఆయుధం ఈతముల్లు. ద్రోహి రోడ్డు పక్క డిస్పెన్సరీలో గాయాలు కడిగి కట్లు కట్టే ఇరవై ఏళ్లవాడు, అంటే నేను. ఆ బరువును తూకం వేస్తే గోధుమగింజంత కూడా రాదు. కొన విరిగిన ఒక ముల్లు. జింక్ ఆయింట్‌మెంట్ ఖాళీ డబ్బాలో, దూది మీద పడుకోబెట్టి, ఉద్యోగం మారినా గది మారినా వెంట తిప్పుకుంటున్నాను. మా అమ్మ తన గొలుసును కూడా అంత భద్రంగా దాచుకోలేదు.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియకపోతే నష్టం లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఒక్కటి మాత్రం మన్నించాలి. నాకు ఏడవాల్సిన చోట జోకు వస్తుంది. చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. మందు లేదు.

మా నాన్న కృష్ణా జిల్లా నుంచి ఇక్కడి పెద్ద ప్లాంటులో ఫిట్టరుగా వచ్చారు. నేను చదువులో తప్పి, ఆరు నెలలు కట్లు కట్టడం నేర్చుకుని, ఆ డిస్పెన్సరీలో చేరాను. రెండు గదులు, రేకుల కప్పు, ముందు ఒక బెంచీ, చుట్టూ ఈతమట్టల దడి. ఎదురుగా బొంబాయి రోడ్డు. అప్పట్లో పొగగొట్టాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉండేవి, మిగతాదంతా జొన్నచేలే. పొద్దున కిరసనాయిలు స్టవ్వు మీద సూదులు ఉడుకుతుంటే, ఆ ఆవిరీ, స్పిరిటూ, బయట జొన్న కోసిన పచ్చి వాసనా కలిసిపోయేవి. ఇప్పుడు ఆ రోడ్డు మీద నిలబడితే మందుల ఫ్యాక్టరీల వాసన ఒక్కటే వస్తుంది. నేను దేన్ని తలుచుకుని బెంగపడుతున్నానో చూడండి, ఉడికే సూదుల వాసనను. మనిషికి బెంగ పెట్టుకోవడానికి ఇంతకంటే మంచివి దొరకవా?

డాక్టరు గారు వారానికి మూడు రోజులు సంగారెడ్డి నుంచి బస్సులో వచ్చేవారు. వయసు మళ్లినవారు. ఆదివారం చర్చిలో ఎంత బుద్ధిగా కూర్చునేవారో మంగళవారం మా రిజిస్టర్ ముందు అంత బుద్ధిగా కూర్చునేవారు. గొడుగు మూలన పెట్టి, చేతులు కడుక్కుని, రోగిని చూడకముందే రిజిస్టర్‌ను చూసేవారు. అందులో ఆయన పెట్టిన నియమం ఒకటుంది. ఒంట్లోంచి ఏది తీసినా, ముల్లుగానీ, గాజుపెంకుగానీ, లేత్ మిషను నుంచి ఎగిరిన ఇనుపరజనుగానీ, మనిషి పేరు పక్కన ప్లాస్టర్ ముక్కతో అతికించాలి. మొత్తం వస్తే నీలిసిరాతో ‘మొత్తం వచ్చింది’ అని రాయాలి. విరిగితే ఎర్రసిరాతో ‘విరిగింది’ అని రాసి, ఆయన వచ్చేదాకా ఆ మనిషిని కదలనివ్వకూడదు, లేదా మర్నాడు రప్పించాలి. ఆయన కోసి తీస్తారు.

మా రిజిస్టర్ ఒక మ్యూజియం. నేను చేరి ఏడాదైంది, నా వంతులో ఒక్క ఎర్ర గీత లేదు. డాక్టరు గారు దాన్ని వచ్చినవాళ్లకు చూపించేవారు. “ఈ అబ్బాయి చేతిలో ముల్లు మాట వింటుంది” అనేవారు. నేను తల వంచుకుని నవ్వేవాణ్ని. వంచుకున్న తలకాయ ఎంత పెద్దదైందో మీరే ఊహించుకోండి.

అది బుధవారం. డాక్టరు గారు వచ్చే రోజు కాదు. యాదగిరి మట్టలు కొడుతుండగా మోకాలికి ముల్లు దిగిందని కుంటుకుంటూ వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి, చెట్టెక్కి చెట్టెక్కి పిక్కలు తాడు పేనినట్టు ఉండేవి. నడుముకు మోకు అలాగే ఉంది. చెట్టు చుట్టూ తిప్పి, ఆ తాడుకు వెనక్కి వాలి, మోకాళ్లు ముడుస్తూ చాస్తూ ఎక్కుతారు. మోకాలే నిచ్చెన. అది గుర్తుంచుకోండి.

“కదలకు అన్నా,” అన్నాను, పటకారు పట్టుకుని.

“నేను కదల్తలేను చిన్న డాక్టరూ. నీ చెయ్యే ఊగుతున్నది.”

బెంచీ మీద ఉన్న నలుగురూ నవ్వారు. అతనికి ఇంకా హుషారొచ్చింది.

“మీ ఆంధ్రోళ్లు ముల్లును గూడ అండీ అంటరా ఏంది?”

“అంటాం. మర్యాదగా రండి అంటేనే వస్తుంది.” పటకారు బిగించి లాగాను. “వచ్చిందండీ!”

“సూసిండ్రా!” అని అతను బెంచీ వైపు తిరిగాడు. “చెయ్యి ఎంత అల్కగున్నదో! నొప్పే తెల్వలె. జెర అయోడిన్ పుయ్యి తమ్మీ, పోత. చెట్లు సూస్తున్నయి నా కోసం.”

పూశాను. లేచి పోయాడు. అప్పుడు ముల్లును వెలుతురులో పెట్టి చూశాను.

కొన లేదు. సూదిలా ఉండాల్సిన చోట మొద్దుగా, తెల్లగా, తెగిన చోటు కనిపించింది.

యాదగిరి ఇంకా దడి దాటలేదు. ఒక్క కేక వేస్తే చాలు. “అన్నా, రేపొకసారి రా, డాక్టరు గారు చూడాలి.” అంతే మాట. బెంచీ మీద నలుగురు నా చేయి వైపు చూస్తున్నారు, ఇప్పుడే పొగడ్త విన్న చెయ్యి అది. నేనేం చేశానో తెలుసా? ఏమీ చేయలేదు. ఏమీ చేయకుండా నిలబడ్డాను, అతను రోడ్డు దాటేదాకా. అదీ నేను చేసింది.

తర్వాత చేసింది మాత్రం చేతులతోనే చేశాను. బెంచీ ఖాళీ అయ్యాక బయటికి వెళ్లి, దడిలోని ఈతమట్ట నుంచి అంతే పొడుగున్న ముల్లొకటి విరిచాను. అక్కడ వేలకొద్దీ ఉన్నాయి, ఎంచుకోవడానికి సమయం పట్టింది. చీర ఎంచుకునేవాళ్లలా ఒకటి తీసి, కాదని పడేసి, ఇంకొకటి తీసి. నచ్చినదాన్ని యాదగిరి పేరు పక్కన అతికించాను. నీలిసిరాతో రాశాను: మొత్తం వచ్చింది. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. అబద్ధానికి నా చేతిరాత అంత బాగా కుదురుతుందని అప్పటిదాకా నాకు తెలియదు.

చిన్న కొనేగదా, చీము పట్టి తనంతట తానే బయటికొస్తుంది అనుకున్నాను. చాలా ముళ్లు అలాగే వస్తాయి. ఇది మోకీలు లోపలికి పోయింది.

పది రోజులు యాదగిరి చెట్లెక్కాడు. గాయం మూసుకుపోయింది. మూడో వారంలో మోకాలు కొబ్బరిబోండంలా వాచి వచ్చాడు. డాక్టరు గారు చిప్ప మీద వేలితో నొక్కితే, చిప్ప నీళ్లలో చెక్కముక్కలా మునిగి తేలింది. లోపల నీరు చేరిందన్నారు. పెద్ద సూదితో తీస్తే పలుచని గంజిలా వచ్చింది. దాన్ని పట్నం పంపారు, ఏ క్రిమీ పెరగలేదని రాశారు. సంగారెడ్డిలో ఎక్స్‌రే తీయించారు, ఎముక బాగానే ఉంది. ఆయన ఫిల్మును కిటికీకి పట్టి చాలాసేపు చూశారు.

“ముల్లు ఉన్నా ఇందులో కనిపించదు. కట్టెపుల్లలాంటిది, దానిలోంచి వెలుగు దూసుకుపోతుంది,” అన్నారు. తర్వాత నా వైపు తిరిగారు. “ముల్లు మొత్తం వచ్చిందా?”

“వచ్చింది సార్.”

“నువ్వు చూశావా, కొన?”

“చూశాను సార్. రిజిస్టర్‌లో ఉంది.”

రిజిస్టర్ తెరిచారు. భూతద్దం పెట్టి చూశారు. నేను స్టవ్వు దగ్గర నిలబడి, ఇంత జాగ్రత్తగా చూసే మనిషికి ఆ ముల్లు దడిలో ఏనాడో ఎండిపోయినదనో, రక్తపు మరక లేదనో తెలియకపోతుందా, తెలిస్తే బాగుండు, తెలియకపోతే బాగుండు అని రెండూ ఒకేసారి కోరుకున్నాను. వాటిలో ఒకటే గట్టిగా కోరుకున్నాను. ఏదో చెప్పను.

“కొన చక్కగా ఉంది,” అన్నారాయన, పుస్తకం మూసి. “అయితే ఇది ముల్లు పని కాదు.”

ముల్లు పని కాకపోతే ఇంకేమిటి? నెమ్మదిగా వాచే కీలు, క్రిమి దొరకని నీరు. యాదగిరి తండ్రి దగ్గుతో పోయాడు. ఆ రోజుల్లో అలాంటి మోకాలు చూస్తే ఏ డాక్టరైనా ముందు క్షయనే అనుమానిస్తాడు. ఆయన ఆలోచనలో ఎక్కడా తప్పు లేదు. ఒక్క ముల్లు తప్ప అన్నీ సరైనవే. తొడ నుంచి మడమ దాకా పిండికట్టు వేశారు. మాత్రలు రాశారు. రోజుకొక స్ట్రెప్టోమైసిన్ సూది, మూడు నెలలు.

ఆ సూదులు పొడిచింది ఎవరనుకున్నారు?

లేని జబ్బుకు ఉన్న మందు. ఒక రోజు కుడి పక్క, ఒక రోజు ఎడమ పక్క. అతని భార్య సత్తెమ్మ సైకిలు వెనక క్యారియరు మీద కూర్చోబెట్టుకుని తోసుకుంటూ వచ్చేది. కట్టు వేసిన కాలు పక్కకు చాపి ఉండేది, రైల్వే గేటు కర్రలాగ. బొంబాయి లారీలు హారన్ కొట్టి తప్పుకునేవి. “సూడు, లారీలు గూడ నాకు సలాం కొడుతున్నయి,” అనేవాడు యాదగిరి.

చెప్పకూడదుగానీ, ఆ సూదుల రెండు నెలలూ నా జీవితంలో మంచి రోజులు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. సూది అయ్యాక అతను వెంటనే వెళ్లేవాడు కాదు. ఎక్కడికి వెళ్తాడు, చెట్లు అతనివి కాకుండా పోయాయి, పాలివాళ్లు, అంటే దాయాదులే, గీసుకుంటున్నారు. బెంచీ మీద కూర్చునేవాడు. సత్తెమ్మ వదిన ఎండాకాలంలో ఈతపండ్లు తువ్వాలులో కట్టి తెచ్చేది. పండు తిని గింజలు ఎవరు దూరం ఉమ్ముతారో పందెం. నేను మందుచీటీల వెనక అంకెలు రాసిచ్చి దిద్దించాను. చెట్టు మీది నుంచి నాలుగూళ్లు చూసినవాడు, పుస్తకంలో ఒక పేజీ చూడలేదు. నెల తిరక్కముందే పేరు రాశాడు, వంద దాకా రాశాడు. ఏడు మాత్రం తిరగేసి రాసేవాడు. “అది గట్ల కాదన్నా, ఇట్ల,” అని నేను తెలంగాణ యాసలో చెప్పబోతే, “నువ్వు అండీ అనే అను తమ్మీ, నీ నోట్ల మా మాట అన్నంల రాయోలె తగుల్తున్నది,” అని పడీపడీ నవ్వేవాడు.

ప్రతిరోజూ చెబుదామనుకునేవాణ్ని. మీరు నమ్మాలి. సూది ఉడుకుతున్నప్పుడు ఈరోజు చెబుతాననుకోవడం, సూది చల్లారేసరికి రేపు అనుకోవడం. చెబితే కట్టు తీసి కోసి కొన తీసేసేవారు. మొదటి నెలలో చెప్పినా ఆ కాలు దక్కేదేమో. నేను తర్వాత చాలామందిని అడిగాను, వేరేవాళ్ల సంగతి అన్నట్టు. అందరూ ‘ఏమో’ అనే అన్నారు. ఆ ఏమోలోనే నేను కాపురం ఉంటున్నాను.

రెండో నెల చివర ఒకరోజు, “చెవుల్ల ఏందో కీచుమంటున్నది చిన్న డాక్టరూ,” అన్నాడు. ఆ మందుతో చెవులు దెబ్బతింటాయని డాక్టరు గారు ముందే చెప్పారు, అడుగుతూ ఉండమన్నారు. నాకు తెలుసు. నేనేమన్నానో తెలుసా? “కొత్త ఫ్యాక్టరీ సైరన్ అన్నా, నీకొక్కడికే వినిపిస్తోంది, ఉద్యోగానికి పిలుస్తున్నారు.” అతను నవ్వాడు. సత్తెమ్మ కూడా నవ్వింది. జీవితంలో నేను వేసిన జోకులన్నిటిలో ఒక్కటి వెనక్కి తీసుకోనిస్తే ఇదే తీసుకుంటాను. మూడు రోజుల తర్వాత డాక్టరు గారికి చెప్పాను, ఆయన సూదులు ఆపేశారు. ఆ మూడు రోజులూ నేను ఎందుకు ఆగాను? సూదులు ఆపితే జబ్బు మీద అనుమానం వస్తుందని. అనుమానం వస్తే రిజిస్టర్ మళ్లీ తెరుస్తారని.

కట్టు కోసి తీసేసరికి కాలు పుల్లలా సన్నబడింది. మోకాలు మాత్రం అలాగే ఉంది. పక్కన చిన్న కన్నం పడి చీము కారడం మొదలైంది. డాక్టరు గారు పట్నం పెద్దాసుపత్రికి చీటీ రాశారు. అక్కడ కీలు తెరిచారు. ఎముకల మీది నున్నటి పొరంతా చీము తినేసిందట. శుభ్రం చేసి, ఇక మడవడం కుదరదు కాబట్టి కనీసం నిలబడడానికైనా పనికొస్తుందని, నిటారుగానే బిగిసిపోయేలా కట్టు వేశారు. ఉత్తరంతోపాటు ఒక చిన్న సీసా పంపారు. అందులో నల్లగా, గోధుమగింజలో సగమంత, ఈతముల్లు కొన.

డాక్టరు గారు ఉత్తరం చదివారు. సీసా చూశారు. రిజిస్టర్ తెరిచారు. అక్కడ కొనతో సహా ఉన్న ముల్లును చూశారు. నన్ను చూశారు.

నేను చెప్పడానికి నోరు తెరిచాను. ప్రమాణపూర్తిగా చెబుతున్నాను, తెరిచాను.

“రెండు దిగాయన్నమాట,” అన్నారాయన. “ఒకటి నువ్వు తీశావు. రెండోది నేను వెతకలేదు.”

పెన్ను తీసి, నా నీలిసిరా కింద, ఎర్రసిరాతో ఆయనే రాశారు: రెండో ముల్లు. గుర్తించడంలో నా పొరపాటు. కింద సంతకం. నేను తెరిచిన నోరు మూసుకున్నాను. యాదగిరి తిరిగొచ్చాక ఆయన అతని ముందు చేతులు జోడించారు. నేను చూడలేక, సూదులు ఉడికాయో లేదో చూడటానికి వెళ్లాను. స్టవ్వే వెలిగించలేదు. మరుసటి ఏడాది ఆయన పని మానుకుని, గొడుగుతో సహా తన ఊరు వెళ్లిపోయారు. ఏ ఊరో అడగలేదు. అడిగితే ఉత్తరం రాయాల్సి వస్తుందని.

ఈ తొమ్మిదేళ్లలో నాకు నేను చాలా సమాధానాలు చెప్పుకున్నాను. అన్నిటికంటే బలమైనది ఇది: ఆ ఈతవనం మూడేళ్లకే కొట్టేశారు. ఇప్పుడక్కడ ఫ్యాక్టరీ ఉంది. మోకాలు బాగున్నా యాదగిరి ఎక్కడానికి చెట్టుండేది కాదు. బాగుంది కదా? కోర్టులో నిలుస్తుంది. కానీ ఆ మూడేళ్లు? ఆ తర్వాత పక్కన కంది ఊళ్లోనో ఇంకెక్కడో ఒక చెట్టు? కాలు బాగున్నప్పుడు బతుకమ్మ నాడు కూతుర్ని భుజాల మీద ఎక్కించుకుని గుట్టకు పోయి తంగేడు పూలు తెంపేవాడని సత్తెమ్మ చెప్పింది. గుట్టను కూడా ఫ్యాక్టరీ వాళ్లు కొట్టేశారా? లేదు. ఉంది. రోజూ కనిపిస్తుంది.

ఎందుకంటే నేనిప్పుడు పనిచేసేది ఆ ఫ్యాక్టరీలోనే, ఫస్ట్ ఎయిడ్ గదిలో. గేటు దగ్గర వాచ్‌మన్ యాదగిరి. నేనే చెప్పి పెట్టించాను. దాన్ని పుణ్యంలో వేసుకోకండి, నేనూ వేసుకోలేదు, కొన్నిరోజులు వేసుకుని చూస్తే కుదరలేదు. అతను స్టూలు మీద కూర్చుని కాలు ముందుకు చాపుకుంటాడు, గేటుకు రెండో అడ్డకర్రలాగ. వచ్చినవాళ్ల పేరూ టైమూ పుస్తకంలో రాస్తాడు. నేను నేర్పిన అంకెలే. ఏడు ఇప్పుడు సరిగా రాస్తాడు. నేను ఎంత ఆలస్యంగా వచ్చినా నా పేరు పక్కన ఎనిమిది గంటలని రాసేవాడు. “చిన్న డాక్టరుకు గడియారంతోని ఏం పని,” అనేవాడు.

పోయిన వారం ఒక పొద్దున పది నిమిషాలు ముందే వెళ్లాను. డబ్బా జేబులో ఉంది. ఎందుకు ఆ రోజే అంటే నాకూ తెలియదు. గేటు దగ్గర ఎవరూ లేరు. చెప్పాను. ముల్లు విరగడం, దడి, నీలిసిరా, అన్నీ, ఒక్క జోకు లేకుండా, గుక్క తిప్పుకోకుండా చెప్పి ఆగాను.

“ఏందీ?” అన్నాడు యాదగిరి, చెవి నా వైపు పెట్టి. “జెర గట్టిగ చెప్పు తమ్మీ. ఇనొస్తలేదు.”

తొమ్మిదేళ్లు పట్టిన మాటను రెండోసారి చెప్పాల్సి వచ్చింది, అరిచి, రోడ్డవతల టీ బండి వాడికి కూడా వినిపించేలా. చెప్పి డబ్బా తెరిచి చేతిలో పెట్టాను. అతను ముల్లు తీసుకుని, విరిగిన చోటును బొటనవేలితో తడిమి చూశాడు. గుట్ట వైపు కూడా చూశాడేమో, నేను అటు తిరగలేదు.

“గా ముసలాయన నాకు దండం పెట్టిండు,” అన్నాడు చివరికి. “నా తప్పే యాదగిరీ, అన్నడు. కండ్లల్ల నీళ్లు తీసుకున్నడు. ఆయనకు చెప్పినవా?”

“లేదన్నా.”

“ఉన్నడా?”

“తెలియదు.”

తిడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. ముల్లును తన గేటు గది కిటికీ గట్టు మీద పెట్టాడు, నాకు తిరిగివ్వలేదు. ఖాళీ డబ్బా మాత్రం ఇచ్చాడు.

“లారీ వస్తున్నది. పక్కకు జరుగు,” అన్నాడు.

జరిగాను. లారీ పోయింది. ఎనిమిది గంటల సైరన్ ఎప్పుడు మోగిందో నాకు తెలియలేదు. లోపలికి నడుస్తుంటే జేబులో డబ్బా గలగలమనలేదు. అందులో ఏమీ లేదు. తేలిక అంటే అదే అయితే, అవును, తేలికగానే ఉంది. అంతకుమించి నాకేమీ దొరకలేదు, అడగనూ లేదు.

సాయంత్రం పోతూ గేటు పుస్తకం చూశాను. నా పేరు పక్కన ఎనిమిది గంటల ఏడు నిమిషాలని ఉంది. ఏడు చక్కగా రాశాడు. మా ఫ్యాక్టరీలో నెలకు మూడుసార్లు ఆలస్యమైతే ఒక పూట సెలవు కోస్తారు. ఈ నెల నాకిది మొదటిది.